మూడో పట్టీ

"మా పేరు యాడుంది మేష్ట్రా?"

సోలార్ పార్కుకు భూములు కౌలుకు తీసుకుంటున్న రోజుల్లో, వల్లూరు రచ్చకట్ట మీద కూర్చున్న నన్ను ఒక కూలి మనిషి అడిగిన మాట ఇది. అప్పుడు నా చేతిలో ఎవరిదో పహణీ ఉంది. కన్నడంలో ఉన్న ఆ కాగితాన్ని చదివి తెలుగులో చెప్పమని ఒక రైతు ఇచ్చాడు. తొమ్మిదో గడిలో భూమి ఎవరిదో ఉంటుంది. పన్నెండో గడిలో సాగు ఎవరిదో ఉంటుంది. ఆ చేలో ఏళ్ళ తరబడి కలుపు తీసి, శెనక్కాయ పెరికిన ఆమె పేరు ఏ గడిలోనూ ఉండదు. "దీంట్లో నీ పేరు ఉండదమ్మా" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. కానీ అంతటితో ఊరుకున్నాను. ఇంటికొచ్చి ముద్ద తిని పడుకున్నాను. నిజం చెప్పేసి ఊరుకోవడం ఆ ఒక్కరోజు తప్పయితే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు. మా గుంపు మొత్తం పాతికేళ్ళుగా చేసింది అదే.

మా గుంపు అంటే పావగడలో పదిహేను, ఇరవై మందిమి. బడిపంతుళ్ళు, ఒక వకీలు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఇద్దరు, కాలేజీ రోజుల్లో జెండా పట్టి తర్వాత ఎరువుల అంగడి పెట్టుకున్న ఒకాయన. దాదాపు చుట్టూ ఆంధ్ర ఉన్న కర్ణాటక తాలూకా మాది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. కాబట్టి రెండు రాష్ట్రాల ఉద్యమాలూ మావేనని చెప్పుకునేవాళ్ళం. శ్రీశ్రీని చదివాం, దేవనూర మహాదేవను చదివాం. దళిత సంఘర్ష సమితి ఎందుకు చీలింది, రైతసంఘం ఎన్ని ముక్కలైంది, నక్సల్బరీ తర్వాత ఎవరి పంథా ఏమిటి అని తెల్లవార్లూ మాట్లాడగలం. మమ్మల్ని మేం ప్రగతిశీలురం అనుకున్నాం. ఊళ్ళవాళ్ళు మమ్మల్ని పుస్తకాలోళ్ళు అన్నారు. ఊళ్ళవాళ్ళ మాటే సరిపోయింది.

పార్కు కథ క్లుప్తంగా చెబుతాను. 2015లో దీనికోసం కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పుట్టింది. వల్లూరు, తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ళ నేలలో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల పార్కు లేచింది. భూమి కొనలేదు, సేకరించలేదు. 28 ఏళ్ళకు కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. వాన మొహం చాటేస్తే విత్తనాల ఖర్చు కూడా రాని నేల మాది. అలాంటి చోట భూమి పేరు మారకుండా ఏటా డబ్బు చేతికొస్తుందంటే పహణీ ఉన్న రైతు సంతకం పెట్టాడు. అతణ్ణి తప్పుపట్టే హక్కు నెలనెలా జీతం తీసుకున్న నాకు లేదు.

అయితే ఈ కౌలు పద్ధతిలోనే ఒక కిటుకు ఉంది. 2013లో పార్లమెంటు చేసిన భూసేకరణ చట్టం ప్రకారం బాధిత కుటుంబం అంటే భూమి యజమాని ఒక్కడే అనుకోవడానికి లేదు. మూడేళ్ళుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న కూలీలు, కౌలుదారులు కూడా ఆ లెక్కలోకి వస్తారు, వాళ్ళకూ పునరావాసం చూపాలి. కానీ సర్కారు భూమిని సేకరిస్తేనే ఆ చట్టం పలుకుతుంది. కౌలుకు తీసుకుంటే పలకదు. "మేం ఎవరి భూమీ లాక్కోలేదు" అని పెద్దలు గర్వంగా చెప్పిన మాటలోనే కూలి మనిషి జారిపోయింది. పట్టా లేకుండా సర్కారు నేల దున్నుకుంటున్న బగర్ హుకుం వాళ్ళూ జారిపోయారు. బీడుల్లో మేకలు మేపుకునేవాళ్ళకు కంచె అడ్డం వచ్చింది.

ఈ సంగతి మాకు తెలుసు. మా వకీలు మిత్రుడు టీ తాగుతూ సెక్షన్లతో సహా చెప్పాడు. "మంచి పాయింటు" అన్నాం. దాని మీద నేను ఒక వ్యాసం రాశాను. అచ్చయింది. జిరాక్సులు తీసి మాలో మేమే పంచుకున్నాం. వల్లూరులో ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చినా చదువుకోలేరు కదా అని మాకు మేమే సమాధానం చెప్పుకున్నాం. చదువుకోలేని మనిషికి కాగితం చదివి చెప్పడమే మా ఉద్యోగమని ఆ పూట గుర్తు రాలేదు.

ఇక పార్టీల సంగతి. పావగడలో చాలాకాలంగా ఎన్నిక అంటే కాంగ్రెస్ చెయ్యి గుర్తు, కాకపోతే జేడీఎస్ గుర్తయిన, నెత్తిన వరిమోపు పెట్టుకున్న ఆడమనిషి. మధ్యలో ఎవరైనా మెరిస్తే ఆయన కూడా ఈ రెండింట్లో ఏదో ఒక దారిన వచ్చినవాడే. ఆ వరిమోపు మనిషికైనా పహణీలో పేరు ఉందా అని మేం ఏనాడూ ఏ సభలోనూ అడగలేదు. పార్కు పనులు మొదలయ్యేనాటికి మా ఎమ్మెల్యే జేడీఎస్‌కు చెందిన తిమ్మరాయప్ప. బెంగళూరులో కాంగ్రెస్ ప్రభుత్వం. 2018 మార్చి 1న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య పార్కును ప్రారంభించారు. మే నెల ఎన్నికల్లో ఇక్కడ కాంగ్రెస్ తరఫున వెంకటరవణప్ప గెలిచారు. మా ఊళ్ళలో జెండాల కోసం తలలు పగలగొట్టుకున్న ఆ రెండు పార్టీలూ బెంగళూరులో కలిసి ఒకే ప్రభుత్వం పెట్టాయి. పద్నాలుగు నెలలకు అది పడిపోయి బీజేపీ వచ్చింది. 2019 డిసెంబరుకు పార్కు పూర్తయింది. అంటే ఈ లోపల మూడు పార్టీలూ కుర్చీలో కూర్చున్నాయి. కూలి మనిషి పేరు ఒక్క పార్టీ నోటా రాలేదు.

అప్పట్లో మేం దీన్ని "రెండూ ఒకే తానులో గుడ్డలు" అని తేల్చేశాం. ఆ మాట అన్నాక మనం చేయాల్సిన పని ఏమీ మిగలదు. అందుకే అది మాకు అంత నచ్చింది. పార్టీలకు మా అవసరం ఎందుకు లేకపోయిందన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు.

ఇప్పుడు వేసుకుంటున్నాను. ఊళ్ళో అధికారం పట్టీల మీద నడుస్తుంది. సర్కారు దగ్గర ఒక పట్టీ ఉంది, అది పహణీ. పార్టీల దగ్గర ఒక పట్టీ ఉంది, అది ఓటర్ల జాబితా. బూత్ ఏజెంటు పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటాడు: ఈ ఇల్లు మనది, ఈ ఇల్లు వాళ్ళది, ఈ ఇల్లు ఆఖరి రాత్రి చూసుకుందాం. మూడో పట్టీ మేం రాయాల్సింది. పార్కు వచ్చాక ఎవరికి ఎన్ని పనిదినాలు పోయాయి, ఎవరు మేకలు అమ్ముకున్నారు, ఎవరు బెంగళూరుకు వలస పోయారు, ఎవరి బగర్ హుకుం అర్జీ ఏ బల్ల మీద పడి ఉంది. ఆ పట్టీలో ఉన్నవాళ్ళు "మాకు ఈ ఒక్కటి చేసినవాడికే ఓటు" అని ఒక మాట మీద నిలబడితే, నువ్వా నేనా అన్నట్టు కొట్టుకునే రెండు పార్టీల్లో ఏదో ఒకటి దిగిరాక తప్పదు. రెండు పార్టీల రాజ్యంలో మూడోవాడి బలం అంతా ఆ తూకంలోనే ఉంది. తూకం వేయాలంటే మొదట రాళ్ళు ఉండాలి. మా దగ్గర అభిప్రాయాలు ఉన్నాయి.

ఈ తూకం ఎలా పనిచేస్తుందో చూడ్డానికి మేం ఎక్కడికో పోనక్కర్లేదు. 2008లో మా తాలూకా నుంచి ఇదే వెంకటరవణప్ప స్వతంత్రుడిగా గెలిచారు. 224 మంది సభలో బీజేపీకి 110 వచ్చాయి, మెజారిటీకి మూడు తక్కువ. మద్దతిచ్చిన స్వతంత్రులతో పాటు ఆయనా మంత్రి అయ్యారు. మూడు తక్కువైనప్పుడు ఒక్క మనిషి విలువ ఎంత పెరుగుతుందో కళ్ళారా చూశాం. టీ అంగడి దగ్గర దాని మీద నీతి మాట్లాడుకున్నాం. ఆ లెక్కను ఒక పదవి కోసం కాకుండా ఒక హక్కు కోసం వాడొచ్చు కదా అన్న ఆలోచన ఏ ఒక్కరికీ తట్టలేదు.

ఆంధ్ర వైపు చూసినా పాఠాలు ఉన్నాయి. 1994లో తెలుగుదేశంతో పొత్తులో సీపీఐకి 19, సీపీఎంకు 15 స్థానాలు వచ్చాయి. మా దగ్గర మిఠాయి పంచారు. 1999లో పొత్తు లేకుండా నిలబడితే ఇద్దరికీ కలిపి రెండు మిగిలాయి. అరువు తెచ్చుకున్న ఓట్లు అప్పిచ్చినవాడితోనే వెళ్ళిపోయాయి. అంతకు కాస్త ముందే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏ పార్టీ టిక్కెట్టూ లేని ఆడవాళ్ళు చేసింది చూడండి. అక్షరాస్యత బడిలో చదువు మొదలుపెట్టి, సారా వేలంపాటలను ఆపారు. ఆ మంట జిల్లాలకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి కాంగ్రెస్ ప్రభుత్వం సారాను నిషేధించింది. సారా చాలదు, మొత్తం మద్యమే నిషేధిస్తానని తెలుగుదేశం నేత ఎన్టీ రామారావు మాటిచ్చి గెలిచి, 1995 జనవరిలో అమలు చేశారు. ఒకే కోరిక కోసం రెండు పార్టీలూ పోటీపడి పైపైకి పాడాయి. రెండు పార్టీల పద్ధతిలో గెలుపంటే అదీ. 1997కల్లా ఆ నిషేధం ఎత్తేశారు. అప్పటికి వీధుల్లో ఆడవాళ్ళు లేరు. పట్టీ రాసి పక్కన పెడితే చాలదని, దాన్ని ఎప్పటికప్పుడు తిరగరాస్తూ ఉండాలని అది చెప్పే రెండో పాఠం.

ఇంకా దగ్గరగా కావాలంటే దేవనహళ్ళి. చన్నరాయపట్న హోబళి రైతులు 2022 ఏప్రిల్‌లో బీజేపీ ప్రభుత్వం ఉండగా భూసేకరణ మీద ధర్నాకు కూర్చున్నారు. ప్రతిపక్షంలో ఉన్న సిద్ధరామయ్య శిబిరానికి వచ్చి మద్దతు పలికారు. 2023లో ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు. రైతులు లేవలేదు. మనవాడు వచ్చాడు కదా అని గుడారం పీకలేదు. వెయ్యి రోజులు దాటాయి. 2025 జులై 15న 1,777 ఎకరాల సేకరణ వదులుకుంటున్నట్టు ఆయన నోటితోనే ప్రకటించాల్సి వచ్చింది. పార్టీ మారినా పట్టు మారకపోవడం అంటే అదీ. మా సంగతేమిటి? 2023లో ప్రభుత్వం మారిన రోజు మేం ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకున్నాం. ఆ తర్వాత అడిగింది లేదు, కడిగింది లేదు. మనవాళ్ళను ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాద మా ఎముకల్లో ఉంది.

సాకులు నా దగ్గర బోలెడు. మొదటిది ఉద్యోగం. సర్కారు పంతులు రాజకీయం మాట్లాడకూడదు. నిజమే. కానీ రాజ్యం, విప్లవం అంటూ మూసిన గదుల్లో మాట్లాడినప్పుడు ఆ నియమం అడ్డు రాలేదు. గ్రామసభకు పోయి కూలీల కోసం ఒక ప్రశ్న అడగాల్సి వచ్చినప్పుడే అడ్డు వచ్చింది. రెండోది భయం. 2005 ఫిబ్రవరిలో మా తాలూకా వెంకటమ్మనహళ్ళిలో, బళ్ళో మకాం పెట్టిన పోలీసుల మీద నక్సలైట్లు దాడి చేసి చంపారు. కొద్దిరోజుల ముందే చిక్కమగళూరు అడవుల్లో నక్సలైట్ల నేత సాకేత్ రాజన్‌ను పోలీసులు కాల్చి చంపారు. దానికిది బదులు అన్నారు. ఆ తర్వాత ఎర్రగుడ్డ కనబడితే అనుమానించే కాలం వచ్చింది. మేం నోళ్ళు మూసుకున్నాం. ఆ రెండేళ్ళ భయాన్ని అర్థం చేసుకోవచ్చు. దాన్ని ఇరవై ఏళ్ళు వాడుకున్నాం, అదే క్షమించలేనిది. చావుల గురించి కూడా మేం నిజాయితీగా మాట్లాడుకోలేదు. తుపాకీ దారి తప్పని నోరు తెరిచి అనలేదు, మరో దారి ఇదని చేసి చూపించలేదు.

మూడో సాకు గట్టిదే. మన దేశంలో పార్టీ లోపలికి పోయి మార్చడం కష్టం. టిక్కెట్టు ఎవరికో పైవాళ్ళు తేలుస్తారు. 1985 నాటి ఫిరాయింపుల చట్టం వల్ల గెలిచినవాడు విప్‌ను కాదని ఓటేస్తే పదవే పోతుంది. అమెరికాలో అలా కాదు. అక్కడ పార్టీ అభ్యర్థిని మామూలు ఓటర్లే ప్రైమరీ ఎన్నికలో ఎంచుకుంటారు. అందుకే సోషలిస్టునని బాహాటంగా చెప్పుకునే జోహ్రాన్ మమ్‌దానీ 2025 జూన్‌లో న్యూయార్క్ డెమోక్రటిక్ పార్టీ పెద్దల మనిషిని ఓడించి, నవంబరులో మేయర్ ఎన్నిక గెలవగలిగాడు. ఆ వార్త వచ్చిన రోజు మా గుంపు టీ అంగడి దగ్గర పండగ చేసుకుంది. వేలమంది కుర్రవాళ్ళు ఇంటింటి తలుపూ తట్టారట అని నేనే మురిసిపోతూ చెప్పాను. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. న్యూయార్క్‌లో ఎన్ని తలుపులు తట్టారో నాకు తెలుసు. వల్లూరు కాలనీలో నేను తట్టిన తలుపులెన్ని?

పై మెట్లు మూసుకుపోయి ఉండొచ్చు, కింది మెట్టు తెరిచే ఉంది. కర్ణాటకలో గ్రామపంచాయితీ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. రెండు పార్టీల పీడ చట్టప్రకారం లేని ఒకే ఒక్క చోటు అది. ఇళ్ళు ఎవరికివ్వాలో గ్రామసభలో తేలాలి. అక్కడ మేం లేం. 2020 డిసెంబరులో పంచాయితీ ఎన్నికలు వచ్చినప్పుడు మాలో ఒక్కరం కూడా ఎవరినీ నిలబెట్టలేదు. మా చర్చ అప్పుడు ఢిల్లీ రైతు ధర్నా మీద ఉంది. బగర్ హుకుం కమిటీకి ఎమ్మెల్యేయే అధ్యక్షుడు, తహసీల్దారు కార్యదర్శి. అంటే భూమి లేనివాడి భూమి సంగతి ఓటు మీద ఆధారపడ్డ మనిషి చేతిలోనే ఉంది. ఇంతకన్నా సూటిగా పట్టు దొరికే చోటు ఇంకోటి ఉందా? ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో తెలుసుకోవడానికి నేను తాలూకా ఆఫీసు మెట్లెక్కలేదు.

అసలు జబ్బు ఇంకా లోపల ఉంది. మాకు ఆ మనుషుల దగ్గర కూర్చోవడం రాదు. 2019 సెప్టెంబరులో చిత్రదుర్గ ఎంపీ నారాయణస్వామిని దళితుడన్న కారణంతో మా తాలూకాలోని ఒక గొల్లరహట్టిలోకి, అంటే గొల్లల వాడలోకి, రానివ్వలేదు. పార్లమెంటు సభ్యుడికే గడప దాటనివ్వలేదని దేశమంతా చెప్పుకుంది. మేం ఫేస్‌బుక్‌లో కోపంగా రాశాం. ఆయనది మా భావజాలం కాదు కాబట్టి కోపంలో కూడా కొంచెం పొదుపు చూపించాం. ఆ హట్టికి పోయి ఎవరితోనూ మాట్లాడలేదు, మాలో ఎంతమంది ఇళ్ళలో ఎవరికి ఏ గ్లాసులో నీళ్ళిస్తారో కూడా తిరిగి చూసుకోలేదు. మా ఇరవై మందిలో కూలి చేసి బతికే మనిషి ఒక్కరూ లేరు, ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ లెక్క నేను ఈ వాక్యం రాస్తున్నప్పుడే మొదటిసారి వేశాను.

తెలుగు మాట్లాడే కన్నడ నేలలోనే బాగేపల్లి ఉంది. అక్కడ సీపీఎం నుంచి జి.వి. శ్రీరామరెడ్డి 1994లో, 2004లో గెలిచారు. అదెలా సాధ్యమైందని మేం అడిగినప్పుడల్లా "అక్కడ కులాల లెక్క కుదిరింది" అని తేల్చేవాళ్ళం. కూలీల మధ్య, సన్నకారు రైతుల మధ్య ఏళ్ళ తరబడి తిరిగితే ఏ లెక్కయినా కుదురుతుందని ఒప్పుకుంటే మేం తిరగాల్సి వస్తుంది కదా.

కాబట్టి నేరం ఏమిటో సూటిగా రాస్తాను. రెండు పార్టీలు మమ్మల్ని తొక్కేయలేదు. తొక్కడానికి మేం వాళ్ళ దారిలో లేం. ఓడిపోయామని చెప్పుకునే గౌరవం కూడా మాకు లేదు, మేం పోటీకే దిగలేదు. చేతులకు మట్టి అంటకుండా ఉండటాన్ని స్వచ్ఛత అనుకున్నాం. ఆ స్వచ్ఛతకు వడ్డీ ఎవరు కట్టారంటే, శెనక్కాయ కూలి పోయి, ప్యానెళ్ళ కింద గడ్డి కోసే పని దొరుకుతుందా అని కాంట్రాక్టరు ఇంటి ముందు నిలబడ్డ మనిషి కట్టింది.

పార్కు కౌలు 28 ఏళ్ళు. గడువు తీరేనాటికి భూమి ఏమవుతుంది, ఎవరికి దక్కుతుంది, అందులో పని ఎవరికి అన్న మాటలు మళ్ళీ బల్ల మీదికి వస్తాయి. అప్పటికి నేను ఉండను. మూడో పట్టీ మాత్రం అప్పటికి ఉండి తీరాలి. ఆ ఆలోచనతోనే పోయిన నెల ఒక ఆదివారం నోటుబుక్కు పట్టుకుని వల్లూరు కాలనీకి పోయాను. మధ్యాహ్నం దాకా పదకొండు ఇళ్ళు రాశాను. రచ్చకట్ట దగ్గర పేరు అడిగిన మనిషి ఇల్లు ఎనిమిదోది. జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టింది.

"ఇది ఏ పార్టీ పట్టీ మేష్ట్రా?"

"ఏ పార్టీదీ కాదమ్మా, మీదే."

ఆమె నవ్వలేదు. "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది.

వచ్చే ఆదివారం వస్తానన్నాను.

ఆ ఆదివారం పోలేదు. ఇంట్లో కూర్చుని ఈ వ్యాసం మొదలుపెట్టాను.